గుండప్పకు సీటు బెల్టు

బుడగ మళ్ళీ జరిగింది. నేను ముట్టుకోలేదు, ఒట్టు, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి, ఊపిరి కూడా ఆచితూచి వదులుతున్నాను, అయినా ఇంతసేపూ రెండు పచ్చగీతల మధ్య బుద్ధిగా కూర్చున్న బుడగ చల్లగా జారుకుని ఎర్రగీత వైపు చూస్తోంది. సిరిగేరిలో మా అత్తగారింటి ముందు సిమెంటు రోడ్డు మీద నా చిన్న ట్రక్కు నిలబెట్టుకుని, పొద్దున్నే చెమటలు కక్కుతూ, పసిపిల్లల సీటుకు వాలు కుదురుస్తున్నాను, ఆ వాలు చూపించేది సీటు పక్కనున్న గాజుగొట్టంలోని ఈ బుడగే. పక్కన ఆ సీటులో బెల్టు కట్టుకుని గుండప్ప కూర్చున్నాడు. ఆయనకేం దిగులు, రాయి. పాపను కూర్చోబెడితేనే కదా వాలు తెలిసేది అని నేనంటే, ఖాళీ సీటులో బిడ్డను ఎట్లా పెడతారని మా అత్త హులిగెమ్మ అడ్డం పడింది. ఊయల శాస్త్రం నాడు కూడా ఇదే వరస. ఖాళీ ఊయలలో బిడ్డను వేయకూడదని ముందు రోట్లోని గుండును కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, కుల్లాయి తొడిగి, గుండప్పా గుండప్పా అని పాడి ఊపి, ఆయన ఎక్కి దిగిన తర్వాతే మా మేఘను పడుకోబెట్టారు. ఈ సీటు కూడా ఊయల జాతే అని అత్త తీర్మానించింది. బెంగళూరు నుంచి డబ్బాలో వచ్చిన సీటు, దానికి అంటించిన బొమ్మల్లో తెల్లగా నవ్వుతున్న పిల్లలు, అందులో మా ఇంటి రుబ్బుడు గుండు, నెత్తిన గులాబీ రంగు కుల్లాయి. దారిన పోయేవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి, గుండప్పను చూసి, నన్ను చూసి పోతున్నారు. పోలిక వెతుకుతున్నారేమో తెలియదు.

రాహుకాలం వచ్చేలోగా బండి కదలాలి. ఇవాళ తప్పితే రేపటి నుంచి మూఢం, ఆకాశంలో శుక్రుడు కనబడడట, ఆయన కనబడకపోతే బాలింతా పసిబిడ్డా ఊరి పొలిమేర దాటకూడదట. ఆ తర్వాత ఏదో శూన్యమాసం, ఆ తర్వాత ఇంకేదో. పంచాంగం చూసే అయ్య చెబుతూ ఉంటే మా మామ దురుగప్ప తల ఊపుతూనే ఉన్నాడు, ఆయనకు మనవరాలు ఇంకొన్నాళ్ళు ఉంటుందని లోపల సంతోషం, నాకు తెలియదా. నాకేమో కుడతినిలో ఇల్లు బావురుమంటోంది. పొద్దున మరమరాల ఒగ్గాణి, మధ్యాహ్నం ఒగ్గాణి, రాత్రి దాని మీదికి మిర్చి, పక్కింటివాళ్ళు నన్ను చూస్తే చాలు మండక్కి వాసన వస్తోందంటున్నారు. తిండికేముంది, ఎట్లాగో గడుస్తుంది, ఫోనులో పాప ఆవలిస్తుంటే చూసి, ఫోను జేబులో పెట్టుకుని, తాళం తీసి ఆ చీకటి గదిలోకి పోవడం ఉంది చూడండి, అది మాత్రం నా వల్ల కావడం లేదు. కానీ నా భార్య నేత్ర ఒక షరతు పెట్టింది. సీటు వాలు సరిగ్గా ఉంటేనే బండి ఎక్కుతుంది. నిటారుగా ఉంటే పాప తల ముందుకు వాలుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, పసిపిల్లలకు మెడ నిలవదు కాబట్టి ఊపిరి ఆడదు. మరీ వాలితే బ్రేకు వేసినప్పుడు బెల్టులోంచి జారుతుంది. పచ్చలో ఉండాలి. సీటును పట్టి ఊపితే వేలెడు కంటే ఎక్కువ కదలకూడదు. పచ్చలో లేకపోతే మూఢం అయ్యేదాకా ఇక్కడే, మీరు పోయి రండి అంది, అన్నంలోకి పెరుగు వేసుకుంటారా అని అడిగినంత మామూలుగా.

నేత్ర కుడతిని థర్మల్‌లో సేఫ్టీ సెక్షన్ మనిషి. నేను ఆమెను మొదటిసారి చూసింది ఆ గేటు దగ్గరే, బూడిద ఇటుకల లోడుకని పోతే, పసుపు హెల్మెట్టు పెట్టుకుని, మెడలో ఈల వేసుకుని, నా రివర్స్ హారన్ మోగడం లేదని బండిని ఎండలో పక్కకు పెట్టించింది. నేను ఎనక్కి చూసుకుంటానే నడుపుతాను మేడమ్, హారన్ ఎందుకు అన్నాను. మీరు చూస్తారు సరే, ఎనకాల ఉండేవాడు మిమ్మల్ని చూడొద్దా అంది. మరునాడు హారన్ వేయించుకుని పోయాను, ఎనక్కి పోయినప్పుడల్లా పెళ్ళి సన్నాయి మోగే హారన్, ఆమె ముందు అవసరం లేకపోయినా ఎనక్కి పోయాను, ముందుకు వచ్చాను, మళ్ళీ ఎనక్కి పోయాను. నవ్వలేదు. ఏదో రాసుకుంది. పెళ్ళైన తర్వాత అడిగితే, శబ్దం ఎక్కువ అని రాసిందట. నన్ను కన్నడంలో రీ అని పిలుస్తుంది, మర్యాదగా, కోపం వస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది. ఇప్పుడు గడపలోంచి ఆమె గొంతు.

"రీ, పచ్చలో ఉండాదా?"

"ఉండాది, ఉండాది," అన్నాను, బుడగను చేత్తో కప్పి.

చేత్తో కప్పితే ఆమెకు కనబడదనా, ఆమె ఇంట్లో ఉంది, బుడగ ఇక్కడుంది. మనిషికి కంగారు పుడితే చేతులకు బుద్ధి ఉండదు. నిన్న కుడతినిలో మా ఇంటి ముందు అంతా చక్కగా కుదిరింది కదా. ఈ సీటును బండిలో అమర్చడమే ఒక యజ్ఞం. పుస్తకంలో అన్నీ కార్ల బొమ్మలే, ట్రక్కు బొమ్మ ఒక్కటీ లేదు, ట్రక్కులవాళ్ళకు పిల్లలు పుట్టరని కంపెనీవాళ్ళ నమ్మకం కాబోలు. పాప మొహం వెనక్కి ఉండాలి, వీపు ముందు అద్దం వైపు ఉండాలి. అది సరే. నా బండిలో తలుపు పక్క సీటుకు ఒక గుంట ఉంది. హమాలీ ఆంజినప్ప గుంట అది. ఆంజినప్ప ఏళ్ళ తరబడి అక్కడే కూర్చున్నాడు, ఎక్కేటప్పుడు బండి అటు ఒరుగుతుంది, దిగితే నిట్టూరుస్తుంది, ఆయన దిగి వెళ్ళిపోయినా ఆయన ఆకారం సీటులో అట్లాగే ఉంటుంది. ఆ గుంటలో పాప సీటు పెడితే ఒక పక్కకు ఒరిగి, తాగినవాడిలా నిలబడింది. గుంటలో అట్టముక్కలు పరిచి చదును చేసి, బండి సీటు వీపు దగ్గర మడతలో తువ్వాలును చుట్ట చుట్టి దూర్చి, మోకాలు పెట్టి అదిమి, బెల్టు లాగి బిగిస్తే, అప్పుడు వచ్చింది బుడగ మధ్యకు. ఎంత ముద్దుగా వచ్చిందో. నేత్రకు వీడియో తీసి పంపాను. బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపింది. మా పెళ్ళి కుదిరిన రోజు కూడా ఆమె నాకు అంత ఉత్సాహం చూపించలేదు.

మరి నిన్న కుదిరింది ఇవాళ ఎందుకు చెడింది. రోడ్డు వాలుగా ఉందేమోనని దిగి చెంబెడు నీళ్ళు పోసి చూశాను, నీళ్ళు ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాయి, రోడ్డు చదునే. టైర్లలో గాలి చూశాను, బాగుంది. గుండప్ప బరువెక్కువేమో, పాప కంటే ఈయన రెట్టింపు ఉంటాడు, అయినా పొద్దున ఈయన ఎక్కిన తర్వాత కూడా బుడగ మధ్యలోనే ఉంది కదా. మా అత్త అయితే దిష్టి అంటుంది. ఆ మాట అనేలోపే ఇంకో తువ్వాలు చుట్టి దూర్చాను, గుండప్పా కొంచెం జరుగు స్వామీ అని మనసులోనే బతిమాలుకుని, బెల్టు లాగాను, బుడగ మధ్యకు వచ్చింది, హమ్మయ్య అని వెనక్కి వాలాను, ధబ్ అని వెనక ఏదో శబ్దం, బుడగ మళ్ళీ జారింది. ఇది ఎవరితోనైనా చెబితే నమ్ముతారా. ఇంకో తువ్వాలు. ధబ్. అత్త పాత చీర. ధబ్. చీర మీద మామ తుండుగుడ్డ. మడతలో బట్టల మూట తయారైంది, సీటు దాని మీద గుర్రం ఎక్కినట్టు ఊగుతోంది, వేలెడు కాదు, జానెడు ఊగుతోంది.

నేను ఏమేం మోయలేదు ఈ బండిలో. ఇటుకలు మోశాను, వడ్లు మోశాను, వినాయకుణ్ణి మోశాను, తొండం విరగకుండా. హచ్చొళ్ళిలో ఒక పెళ్ళివాళ్ళ అద్దాల బీరువాను గుంతల రోడ్డు మీద బళ్ళారి దాకా తెస్తే, అద్దంలో గీత కూడా పడలేదు, పెళ్ళికూతురు అందులో చూసుకుని బొట్టు దిద్దుకుంది. ఈని వారం కూడా కాని బర్రెను దూడతో సహా తెచ్చాను. ఎట్లా పట్టుకోవాలో నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆసుపత్రిలో నర్సమ్మ పాపను నా చేతుల్లో పెట్టినప్పుడు మాత్రం పట్టుకోవడం తెలియలేదు. గాజుసామాను పెట్టెను పట్టుకున్నట్టు దూరంగా, చేతులు చాచి, మోచేతులు బిగించి పట్టుకున్నాను, గుండెకు ఆనించుకోవయ్యా, అది పార్సిలు కాదు అందామె. ఆనించుకుంటే తల నా చొక్కా మీద పడింది, అంత చిన్న తల, అంత వేడిగా, ఆ మెడ నిలవలేదు, పక్కకు ఒరిగింది, నేను అరిచానట. నాకు గుర్తులేదు. వార్డంతా లేచిందని అత్త ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది. భయం వేసింది, ఇందులో దాచేదేముంది, ఈ మెడ కింద ఎవరి చెయ్యీ లేకపోతే ఏమవుతుందని భయం వేసింది, ఆ భయం ఇప్పటిదాకా దిగలేదు, అందుకే ఈ బుడగ నేత్ర షరతు మాత్రమే అయినట్టు నటిస్తున్నాను కానీ ఆమె ఏ షరతూ పెట్టకపోయినా నేను ఇక్కడే కూర్చుని దీన్నే చూస్తూ ఉండేవాణ్ణి.

ధబ్. ఈసారి పక్క అద్దంలో చూశాను. మా మామ పంచె ఎగ్గట్టి బండి వెనక నిలబడ్డాడు, ఇద్దరు హమాలీలు వడ్లమూటలు ఎక్కిస్తున్నారు. ఒకటీ రెండూ కాదు, వెనక తలుపు దగ్గర గోడ కట్టినట్టు పేర్చారు, దాని పక్కన చెక్క ఊయల, ఇత్తడి బిందె, బెల్లం బుట్ట, ఒక తిరగలి. ఊరివాళ్ళు అరుగుల మీద కూర్చుని చూస్తున్నారు, మామ వాళ్ళు చూసేటట్టే నిలబడ్డాడు. ఆడబిడ్డను, మనవరాలిని పుట్టింటి నుంచి ఖాళీ బండిలో పంపిస్తే ఊరు నవ్వదా. అదీ ఆయన లెక్క, ఈ ఊరంతటి లెక్క. ఇన్నేళ్ళు లోడ్లు తోలినవాణ్ణి నేను, లోడెక్కితే బండి తోక కూర్చుని ముక్కు లేస్తుందని, హెడ్‌లైట్లు రోడ్డును వదిలి చెట్ల కొమ్మలను వెతుకుతాయని నాకు తెలియదా. తెలుసు. కానీ సీటును మాత్రం ఖాళీ బండిలో కుదిర్చాను. బిడ్డను ఖాళీ బండిలో ఎవరూ పంపరని ఆలోచించలేదు. ముక్కు లేచిన కొద్దీ పాప తల వైపు లేస్తోంది, సీటు నిటారవుతోంది, మామ ప్రేమ మూటలు మూటలుగా వెనక పడుతుంటే నేను ఇక్కడ తువ్వాళ్ళు కుక్కుతున్నాను. నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది, ఎందుకంటే ఇప్పుడు దిగి ఆయనతో చెప్పాలి.

దురుగప్ప నాతో పెళ్ళైనప్పటి నుంచి ఎన్ని మాటలు మాట్లాడాడో వేళ్ళ మీద చెప్పొచ్చు, ఆ మాటల్లో సగం తిన్నావా, మిగిలిన సగం బండెట్లుండాది. అటువంటి మనిషితో ఊరి ముందు ఈ మాట. దిగాను. తలుపు వేస్తే సీటు కదులుతుందని వేయలేదు కూడా. వెనక్కి పోయాను.

"మామా, మూటలు దించాల."

"ఏంది?"

"మూటలు. బరువుకు బండి ఎనక కూర్చుంటాంది. ముందర లేస్తాంది. పాప సీటు నిలువుగా అయిపోతాంది మామా."

హమాలీలు మూట భుజం మీదే పెట్టుకుని ఆగారు. మామ తుండుగుడ్డ కోసం భుజం తడుముకున్నాడు, అది నా సీటు కింద ఉంది.

"నీ బుడగ కోసరం నా వడ్లు దించాల్నా?" అన్నాడు. "ఈ నేత్రను నేను ఎడ్లబండిలో మూటల మింద పండబెట్టుకోని తెచ్చినాను. ఏమాయ? సచ్చిందా? బతికి ఈ పొద్దు నాకే బుద్ధి చెబుతాండాది."

"మూటలు క్యాబిన్ పక్కకు జరుపుదాం మామా, సగం."

జరిపారు. చూశాను. కొంచెం దిగింది, పచ్చకు రాలేదు. మడతలో ఉన్న బట్టలన్నీ అట్లాగే ఉన్నాయి, సీటు ఊగుతూనే ఉంది. గడపలో నేత్ర పాపను భుజాన వేసుకుని నిలబడింది. తండ్రిని చూస్తోంది, నన్ను చూస్తోంది, ఆ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గేటు దగ్గర లారీలను ఆపే మనిషి కళ్ళల్లో. ఆమెకూ రావాలని ఉంది. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ నేనొక్కడినే రోజులు లెక్కపెడుతున్నానని అనుకున్నాను, మీరు పోయి రండి అని అంత మామూలుగా అన్నది మామూలుగా కాదని ఇప్పుడు అర్థమైంది.

"సాకు, ఇంక చాలు," అన్నాడు మామ. "ఆ బుడగ యాడుండాదో నేనే చూస్తాను."

డ్రైవరు తలుపు వైపు నుంచి ఎక్కి నా సీటులో కూర్చున్నాడు. నేను బయట నిలబడి చూస్తున్నాను. ఆయన బుడగను చూడలేదు. గుండప్పను చూశాడు. సీటు నిటారైన కొద్దీ గుండప్ప ముందుకు ఒరిగాడు, గులాబీ కుల్లాయి కిందికి వంగి, కుంకుమ పెట్టిన మొహం పూర్తిగా బెల్టులోకి కూరుకుపోయి ఉంది. మెడ వాలిన బిడ్డలాగే ఉంది. ఇందాక నేనూ చూశాను, రాయి కదా అనుకున్నాను. మామ చెయ్యి చాచి, గుండప్ప నెత్తి కింద అరచెయ్యి పెట్టి, మెల్లగా పైకి ఎత్తాడు. వదిలాడు. మళ్ళీ వాలింది. మళ్ళీ ఎత్తాడు. ఈసారి వదల్లేదు, అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు, ఆయన పెదవులు ఏదో అంటున్నాయి, నాకు వినబడలేదు.

"దించండప్పా," అన్నాడు హమాలీలతో, తల తిప్పకుండా. "అన్నీ దించండి."

దించారు. ఒక్కొక్క మూట దిగుతుంటే బండి ఊపిరి పీల్చుకుని లేచింది. నేను మడతలోంచి బట్టలు ఒక్కొక్కటే లాగాను, తుండుగుడ్డ, చీర, తువ్వాలు, ఇంకో తువ్వాలు, నిన్నటి తువ్వాలు ఒక్కటి ఉంచి బెల్టు బిగించాను. మామ చెయ్యి గుండప్ప కిందే ఉంది. బుడగ వచ్చి రెండు గీతల మధ్య కూర్చుంది. మామ చెయ్యి తీశాడు. గుండప్ప తల వెనక్కి ఆనించుకుని, వెనక అద్దంలోంచి ఆకాశం చూస్తూ ఉన్నాడు.

తర్వాత జరిగిందంతా రాహుకాలం తరిమితే జరిగింది. అత్త గుండప్పను దించి ఒళ్ళో వేసుకుంది. నేత్ర పాపను పడుకోబెట్టింది, బెల్టు బిగించింది, గడ్డం కింద వేలు పెట్టి చూసింది, సీటును పట్టి ఊపింది, వేలెడు కూడా కదల్లేదు. నన్ను చూసి తల ఊపింది. ఆ తల ఊపడం కోసం నేను మూడు జిల్లాలు రివర్స్‌లో పోయి రాగలను. ఎర్రనీళ్ళు తిప్పారు, టెంకాయ కొట్టారు, ఖాళీ బండి అని ఎవరూ అనలేదు, అందరూ అనుకున్నారు. మామ మాత్రం అరుగు మీద పేర్చిన మూటల దగ్గర లేడు. ఎక్కడికి పోయాడో అని చూస్తుండగా సందులోంచి ఆయన ట్రాక్టరు వచ్చింది, ట్రాలీతో. హమాలీలు మూటలు అందులోకి ఎత్తారు, ఊయల, బిందె, తిరగలి అన్నీ. మామ నా కిటికీ దగ్గర ఆపి పైనుంచి చూశాడు.

"నీ ఎనకాలనే వస్తాండాను. ఎవురన్నా అడిగితే రెండు బండ్లూ ఒకటే అని చెప్పు."

కురుగోడు దారిలో పడ్డాం. నేత్ర మధ్యలో, గేరు తగలకుండా మోకాళ్ళు ముడుచుకుని, ఒక చెయ్యి పాప మీద. ఈ రోడ్డు మీద ప్రతి గుంత నాకు పేరు పెట్టి పిలిచేంత తెలుసు, అయినా ఇవాళ అన్నీ కొత్తవే, అన్నీ లోతే, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల అంచు మీద చక్రం ఎక్కినా బుడగ వైపు చూస్తున్నాను. సైకిలు మీద ఒకాయన దాటిపోయాడు. మేకల మంద దాటిపోయింది. నేత్ర ఒకసారి నా మోచేతి మీద చెయ్యి వేసి తీసింది. వెనక ట్రాక్టరు చాలాసేపు ఓపిక పట్టి, ఇక ఓపిక లేక, హారన్ కొట్టకుండా పక్కకు వచ్చింది. మామ నాతో సమానంగా నడుపుతూ కిందికి వంగాడు.

"ఏమప్పా, బండి చెడిపోయిందా?"

"లేదు మామా. పాప నిద్రపోతాంది."

ఆయన ట్రాక్టరును నా ముందుకు తీసుకుపోయి, నాకంటే నిదానంగా నడపడం మొదలుపెట్టాడు.